ఈశాన్య మూల బండ

ఈ సంగతి రాయమని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. వద్దన్నవాళ్లే ఉన్నారు. అయినా రాస్తున్నాను. నా చేతిరాతతో ఉన్న ఒక చీటీ ఫోటో మా చుట్టాల ఫోన్లలో ఇంకా తిరుగుతోంది. ఎర్ర సిరాతో శీర్షిక పెట్టి, కింద గీత గీసి, నేనే రాశాను. ఇంటి ఈశాన్య మూలలో బరువు ఉండకూడదనీ, అక్కడి సంపు మీద బండ ఉంటే తీసేసి తేలికపాటి మూత వేసుకోవాలనీ అందులో ఉంది. ఆ మాట విన్నందుకు మా అన్న మనుమరాలు నీళ్లలో పడింది. చీటీ ఎన్ని ఇళ్లకు వెళ్లిందో నాకు పూర్తిగా తెలియదు. అది వెళ్లిన ప్రతి ఇంటికీ ఈ కాగితాలు కూడా వెళ్లాలి.

పేర్లు రాయడం లేదు. మా ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు, బయటివాళ్లకు అవసరం లేదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగతాదంతా శంషాబాద్ గ్రంథాలయంలో చదివాను. మా పొలం ఉన్న రోజుల్లో ఎరువుల కోసం శంషాబాద్ వెళ్లి, బస్సు వచ్చేదాకా ఎండ తప్పించుకోవడానికి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ని. అలా మొదలైంది. పొలం పోయి, విమానాశ్రయంలో ట్రాలీలు తోసే పని దొరికాక, డ్యూటీ అయ్యాక ఒక గంట అక్కడ కూర్చోవడం నాకు అలవాటుగా మారింది. బీరువాలను ఎడమ చివర నుంచి మొదలుపెట్టి వరుసగా చదవాలని నియమం పెట్టుకున్నాను. వరి తెగుళ్లు, నక్షత్రాలు, నిజాం కాలపు చెరువులు, పాముల్లో రకాలు, గుండె జబ్బులు. అర్థమైనది నోటుబుక్కులో ఎక్కించేవాణ్ని. నిండిన నోటుబుక్కులు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారంటే అది ఎప్పుడు కట్టారో, ఎందుకు కట్టారో చెప్పగలిగిన మనిషి మా ట్రాలీలవాళ్లలో నేనొక్కణ్నే. "ఏం పంతులూ, ఇయ్యాల ఏ పుస్తకం మింగినవ్?" అని వాళ్లు ఆటపట్టించేవాళ్లు. పైకి విసుక్కునేవాణ్ని గానీ లోపల సంతోషంగానే ఉండేది.

నా చదువు చూసి నాకంటే ఎక్కువ మురిసిపోయింది మా అన్న. ఆయనకు సంతకం తప్ప రాదు. ఎవరింటికి వెళ్లినా "మా తమ్ముడు బీరువాలకు బీరువాలు సదివిండు" అనేవాడు.

పాల్మాకులలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నాది పాత ఇల్లు. అన్నది కొత్తది, మీద ఒక అంతస్తు వేసి రెండు గదులు కిరాయికి ఇస్తాడు. కింద అన్న, వదిన, కొడుకు, కోడలు, వాళ్ల పాప. ఇంటి ముందు సిమెంటు వాకిలి. గేటు దాటగానే ఎడమ పక్క, ఈశాన్యంలో, నీళ్ల సంపు. భూమిలోకి ఎనిమిదడుగుల లోతు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి ఎప్పుడూ సగానికి తక్కువ కాకుండా నింపి పెట్టుకుంటారు. దాని నోటి మీద మందమైన షాబాద్ బండ, బండకు ఇనుప కడియం. ఇద్దరు మగవాళ్లు గడ్డపార వేస్తే గానీ కదలదు.

ఒకరోజు పొద్దున అన్న గోడ మీంచి పిలిచాడు.

"తమ్మీ, నువ్వు గన్ని పుస్తకాలు సదువుతవు గద. ఈ ఇంటికి ఏం తక్కువైందో జర సూడరాదు?"

"ఏమైందన్నా?"

"ఏమైందంటవేంది? బోరు ఎండిపాయె. మీ వదిన మోకాళ్లు పాయె. పైన రూములల్ల ఎవ్వడు రెండు నెల్లు ఉంటలేడు. ఏదో ఉన్నది ఈ ఇంట్ల."

లోపల కూరగాయలు తరుగుతున్న వదిన అక్కణ్నుంచే అందుకుంది. "ఎవడుంటడు? దినాం నాలుగుసార్లు మోటరు బంద్ జెయ్యుండ్రి, లైటు బంద్ జెయ్యుండ్రి అని వాళ్ల పానం దీస్తివి. మూల గాదు మార్చాల్సింది, నీ నోరు."

అన్న నవ్వాడు, నేనూ నవ్వాను. కానీ నన్ను అడిగారు కదా అన్న బరువు నా మీద పడింది. ఆ వారమే గ్రంథాలయంలో వాస్తు పుస్తకం తీశాను. రెండు రోజులు కూర్చుని చదివాను. ఈశాన్యం నీళ్లకు మంచి చోటు, సరే, సంపు అక్కడే ఉంది. ఈశాన్యం తేలిగ్గా ఉండాలి, బరువులు పెట్టకూడదు. ఆ వాక్యం దగ్గర నా వేలు ఆగిపోయింది. ఇద్దరు మనుషులు ఎత్తలేని బండ అక్కడే ఉంది కదా!

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పుస్తకంలో సంపు మూత గురించి ఒక్క ముక్క కూడా లేదు. మూతను బరువు కింద లెక్క వేసింది నేను. రెండు విషయాలు కలిపి మూడోది కనిపెట్టానని పొంగిపోయాను. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇలాగే కనిపెడతారు కదా అనుకుంటూ ఇంటికి వచ్చాను. చీటీ రాసి అన్న చేతికిచ్చి, చదివి వినిపించాను.

ఆదివారం నేనూ అన్నా కలిసి బండ లేపాం. పాప మా మధ్యకు దూరి లోపలికి చూసింది. అప్పటికి దానికి మూడున్నరేళ్లు. నీళ్లలో దాని ముఖం కనిపించింది. "చిన్న తాతా, అండ్ల ఇంకో పాప ఉన్నది, బయటికి రమ్మను" అంది. వదిన పరుగున వచ్చి దాన్ని చంకన వేసుకుంది.

"తమ్మీ, ఇది పిల్ల తిరిగే ఇల్లు. బండనే మంచిగుండె" అంది నాతో.

"పుస్తకంలో ఉంది వదినా" అన్నాను.

"పుస్తకం రాసినోని ఇంట్ల పిల్లలు ఉన్నరో లేరో!"

"నీకు తెల్వదు, నువ్వు లోపలికి పో" అని అన్న కసిరాడు. ఆమెకు చదువు లేదు కాబట్టి అలా మాట్లాడుతోందని అనుకున్నాను.

బండ తీసి వీధి గోడకు ఆనించాం. పాత పశువుల కొట్టం మీది రేకు ముక్క ఒకటి సంపు నోటి మీద పరిచాం. గాలికి జరుగుతుందేమో, నాలుగు ఇటుకలు పెడదామని అన్న అన్నాడు. ఇటుక కూడా బరువేనని నేనే వద్దన్నాను.

అయిదు రోజులు తిరగకుండానే పై గదిలో ఒక అమ్మాయి దిగింది. కోస్తా జిల్లా నుంచి వచ్చింది, శంషాబాద్‌లో ఒక దవాఖానలో నర్సు. ఏడాది ఉంటానని చెప్పింది. అన్న సంతోషానికి పట్టపగ్గాలు లేవు. చీటీకి ఫోటో తీయించి పహాడీ షరీఫ్ దగ్గర ఉండే మా బావకు పంపాడు. బావ ఇంకెవరికో పంపాడు. నేను డ్యూటీ నుంచి వస్తుంటే దారిలో ఒకరిద్దరు ఆపి, మా ఇంటికి కూడా వచ్చి చూడమని అడిగారు. ఆ రోజుల్లో నేను కాస్త నిటారుగా నడిచి ఉంటాను.

నా పని గురించి కూడా ఒక మాట. విమానాశ్రయంలో ఎవరి చేతి కాఫీ ఒలికినా, తుడిచేదాకా అక్కడ పసుపు బోర్డు నిలబెట్టాలి. పది అడుగుల దూరంలో తడి కనిపించినా ట్రాలీల వరుసను ఆపేసి, బోర్డు తెచ్చి పెట్టి, అప్పుడు కదులుతాను. మనుషులు జారకూడదని రోజూ అంత జాగ్రత్తపడి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్న వాకిట్లో ఆ రేకు పక్కనే బండి ఆపేవాణ్ని. ఒక్కరోజు కూడా అది నా కళ్లకు ఆనలేదు.

మా పాపకు విమానాలంటే ప్రాణం. మా ఊరి దగ్గరికి వచ్చేసరికి అవి బాగా కిందుగా కనిపిస్తాయి. మోత వినగానే ఎక్కడున్నా వాకిట్లోకి ఉరికేది. తోక రంగును బట్టి వాటికి పేర్లు పెట్టుకుంది. "ఎర్ర తోకది వచ్చె! నీలి తోకది వచ్చె!" విమానం ఇంటి మీదుగా దాటుతుంటే తలెత్తి, చెయ్యి ఊపుతూ, అది కనిపించినంతసేపూ వెనక్కి వెనక్కి నడిచేది. ఇంటి కప్పు అడ్డం వస్తుంది కదా, ఇంకొంచెం చూడాలంటే వెనక్కి నడవాల్సిందే. వెనక గేటు. గేటు పక్కన సంపు. ఇది మేమంతా చూశాం. చూసి నవ్వుకున్నాం. ఎవరికీ ఏమీ తట్టలేదు.

ఆ రోజు నా డ్యూటీ రెండు గంటలకు అయిపోయింది. గ్రంథాలయానికి సెలవు కాబట్టి నేరుగా ఇంటికి వచ్చాను. ముందు రోజు సాయంత్రం గాలిదుమారం లేచింది. నేను బండి దిగేసరికి వదిన వాకిట్లో నిలబడి పాపను పిలుస్తోంది.

"ఏం వదినా?"

"ఇప్పుడే ఉండె తమ్మీ. ఇమానం మోతకు బయటికి ఉరికింది. నేను పొయ్యి మీద పాలు దించి వచ్చిన, గంతే. ఎటు వొయిందో ఏమో."

కోడలు మంచాల కింద చూస్తోంది. అన్న వెతుక్కుంటూ కిరాణా కొట్టు దాకా వెళ్లాడు. నేను మా ఇంట్లో చూశాను, గోడ వెనక చూశాను, మెట్ల కింద చూశాను. మెట్లెక్కి పైన చూసి దిగుతున్నప్పుడు రేకు కనిపించింది. దాని ఒక కొస పైకి లేచి, రెండో కొస సంపు లోపలికి వాలి ఉంది.

పిల్ల కనిపించకపోతే ముందు వెతకాల్సింది నీళ్ల దగ్గర. మంచాల కింద, కొట్లో, పక్కింట్లో తర్వాత చూడవచ్చు, అక్కడ ఉన్న పిల్ల ఎంతసేపైనా బతికే ఉంటుంది. నీళ్లలో ఉన్న పిల్లకు అంత సమయం ఉండదు. ఈ సంగతి నేను తర్వాత చదివాను. చిన్నపిల్లలకు ఇళ్లలో జరిగే ప్రమాదాల మీద రాసిన పలచటి పుస్తకం అది. వాస్తు పుస్తకం ఉన్న బీరువాలోనే, రెండు అరల కింద ఉంది. నా వరుసలో అక్కడిదాకా ఇంకా రాలేదు.

నేను దూకాను. నీళ్లు నా రొమ్ము దాకా ఉన్నాయి. కాలికి మెత్తగా తగిలింది. పైకి ఎత్తి అందిస్తే అప్పుడే వచ్చిన అన్న అందుకున్నాడు. అందుకుని, పాపను రెండు కాళ్లూ పట్టుకుని తలకిందులుగా ఎత్తి గిరగిర తిప్పడం మొదలుపెట్టాడు. నీళ్లు మింగిన పిల్లను అలా తిప్పితే కక్కేస్తుందని మా వైపు అందరూ అనుకుంటారు. నేను సంపులో నుంచి తల ఎత్తి "తిప్పు అన్నా, తిప్పు" అని అరిచాను. ఆ మాట కూడా నాదే.

అరుపులు విని పై గదిలో నిద్రపోతున్న నర్సు అమ్మాయి మెట్లు దిగి వచ్చింది.

"దించండి అంకుల్! అలా తిప్పకండి, దయచేసి దించండి!"

"నీళ్లు కక్కాలె బిడ్డా…"

"నీళ్లు కాదండీ, ఊపిరి! ముందు ఊపిరి ఆడాలి. ఇలా ఇవ్వండి."

అన్న ఇవ్వలేదు. ఆ అమ్మాయి ఆయన చేతుల్లోంచి పాపను దాదాపు లాక్కుంది. సిమెంటు మీద వెల్లకిలా పడుకోబెట్టింది. గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదింది. రొమ్ము మధ్య ఒక అరచేతితో నొక్కింది. మళ్లీ ఊదింది. నొక్కుతూ అంకెలు పైకి చెబుతోంది. కోడలు కూతురి కాళ్లు పట్టుకుని కూర్చుంది. వదిన మాత్రం నిలబడి, ఆ అమ్మాయి చేతుల వైపే చూస్తోంది. ఎంతసేపో నేను చెప్పలేను. ఇంకో విమానం వచ్చి వెళ్లింది. అప్పుడు పాప దగ్గింది. నీళ్లు, పొద్దున తిన్న అన్నం బయటికి వచ్చాయి. ఆ అమ్మాయి వెంటనే దాన్ని పక్కకు తిప్పింది.

పైన రెండో గదిలో కిరాయికి ఉండే క్యాబ్ డ్రైవరు బండి తీశాడు. పట్నంలో పెద్ద దవాఖానకు వెళ్లాం. దారి పొడవునా నర్సు అమ్మాయి పాప ఛాతీ మీద చెయ్యి తీయలేదు.

పాప బతికింది. ఆ మాట డాక్టరు మూడో రోజున చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. మెదడుకు గాలి అందని కొన్ని నిమిషాలు ఉన్నాయి, వాటి దెబ్బ ఎంతో ఇప్పుడే చెప్పలేం, మాట రావడానికి ఎంతకాలం పడుతుందో, ఎంతవరకు వస్తుందో చూడాలి.

దవాఖాన వరండాలో బల్ల మీద నేనూ అన్నా కూర్చున్నాం. అసలు మాట చెప్పాలని నేను నోరు తెరిచాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"తమ్మీ, నువ్వు బండ తీపియ్యకుంటే ఏమయ్యేదో అనుకుంటున్న."

నాకు అర్థం కాలేదు.

"బండ తీసినంకనే గద ఆ నర్సు పిల్ల మనింట్ల దిగింది? ఆ పిల్ల లేకుంటే దీని పానం దక్కునా? నువ్వు సదివి జెప్పిన మాటే కాపాడింది."

ఆయన ముఖంలో వెటకారం లేదు. కళ్లు తుడుచుకుంటున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. బండ తీసినందుకే పాప పడిందని ఆయనకు తోచలేదు. పాప పడింది గాలిదుమారం వల్ల, బతికింది చీటీ వల్ల. అలా కుదుర్చుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆయన దుఃఖంలో ఉన్నాడు, ఇప్పుడు చెప్పడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నన్ను అలా చూసే మనిషి లోకంలో ఆయనొక్కడే. ఆ చూపు పోతుందని భయపడ్డాను.

పాపను ఇంటికి తెచ్చారు. నడుస్తుంది, ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తుంది. పిలిస్తే తిరుగుతుంది. మాట లేదు. విమానం మోత వస్తే తలెత్తి చూస్తుంది, చెయ్యి ఊపదు. తోక ఏ రంగో చెప్పదు.

సంపు మీద అప్పటికి అన్న కొడుకు తెచ్చిన చెక్క పలక ఉంది. ఒకరోజు అన్న పాపను ఎత్తుకుని దాని దగ్గరికి తీసుకెళ్లాడు. పిల్లలు గడప తగిలి పడితే గడపను కొడతాం కదా, అలా, ఆ పలకను అరచేత్తో కొట్టాడు. "నా బిడ్డను ముంచినవా? ఇగో, ఇగో!" పాప ఇంతకుముందు అలా కొడితే కిలకిల నవ్వేది, తనూ కొట్టేది. ఇప్పుడు తాత చేతి వైపు ఊరకే చూసింది. ఆయన కొడుతూనే ఉన్నాడు. పలక మీద చెయ్యి పగిలింది. కొట్టాల్సింది నన్ను కదా అనుకున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

బావ ఫోను చేసిన రోజు చెప్పాను. అన్న ఫోను స్పీకర్‌లో పెట్టాడు. ముందు పాప ఎలా ఉందని అడిగి, తర్వాత బావ అన్నాడు:

"మొత్తానికి మీ తమ్ముడు పెద్ద పంతులే బామ్మర్దీ. మేం గూడ మొన్న బండ తీసేసినం. మా చెల్లె గూడ తీపిచ్చింది."

బావ ఇంట్లో ఇద్దరు మనుమలు. పెద్దవాడికి నాలుగేళ్లు. రెండోవాడు అప్పుడే నడక నేర్చుకుంటున్నాడు.

నేను ఫోను లాక్కున్నాను. "బావా, బండ ఇప్పుడే పెట్టు. ఇప్పుడే. నేను లైన్ల ఉంట, మనిషిని పిలిచి పెట్టియ్యి."

"ఏందిర బై, ఏమైంది? నువ్వే గద రాసిచ్చినవ్?"

"నేనే రాసిన. తప్పు రాసిన. మా పిల్ల అందుకే పడ్డది."

అన్న నా వైపు తిరిగాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బావ ఏదో అడుగుతున్నాడు, నేను ఫోను కింద పెట్టి అన్నకు అంతా చెప్పాను. పుస్తకంలో సంపు మూత మాటే లేదని చెప్పాను. ఇటుకలు పెట్టి ఉంటే రేకు జరిగేది కాదని చెప్పాను. దవాఖానలో చెప్పబోయి దాచానని కూడా చెప్పాను.

అన్న గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"పుస్తకంల ఉన్నదంటివి" అన్నాడు.

"లేదన్నా."

"నాకు సదువురాదు. ఉన్నదంటే ఉన్నదనుకున్న. నేనెట్ల కాదంట?"

లేచి, పాప చెయ్యి పట్టుకుని, వీధిలోకి వెళ్లాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బండ లేపిన రోజున ఆమె చెప్పిన మాట మా ఇద్దరికీ గుర్తుంది.

ఆ మరునాడు నేను సెలవు పెట్టి బావ ఇంటికి వెళ్లాను. అక్కణ్నుంచి ఆయన చెల్లెలి ఇంటికి. తర్వాత మా ఊళ్లో, పక్క ఊళ్లో, చీటీ వెళ్లిందని తెలిసిన ఇళ్లకు. కొందరు వెంటనే బండ పెట్టించారు. కొందరు నన్ను వాకిట్లోనే నిలబెట్టారు. ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని అడిగింది:

"నిన్న తియ్యుమంటివి, ఇయ్యాల పెట్టుమంటున్నవ్. రేపేం జెప్తవ్ పంతులూ?"

"రేపు గూడ ఇదే జెప్త అవ్వా."

"మరి ఈశాన్యంల బరువో?"

"బరువుంటే ఏమైతదో నాకు తెల్వదవ్వా. బరువు లేకుంటే ఏమైందో మా ఇంట్ల సూసిన."

ఆమె కొడుకును పిలిచింది.

ఇళ్లు తిరుగుతుంటే ఇంతకాలం కనపడనివి కనపడ్డాయి. ఒక ఇంట్లో నీళ్లు కాచే రాడ్డు వేసిన బకెట్టు బాత్రూము బయట, నడిచే దారిలో ఉంది. ఇంకో ఇంట్లో కలుపు మందు చల్లటి డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టారు. నేను చెబితే ఆ ఇంటాయన నవ్వాడు. "మా పోరడు తెలివైనోడు, ముట్టడు" అన్నాడు. మా పాప కూడా తెలివైనదే. విమానాల తోకలన్నీ గుర్తుపట్టేది. తెలివి ఉంటే సరిపోదని, పడే చోటు లేకుండా చెయ్యాలని ఆయనకు చెప్పి వచ్చాను. విన్నాడో లేదో.

అన్న ఇంటి సంపుకు ఇప్పుడు నోటి లోపలే ఇనుప జాలి బిగించి ఉంది. మూత తీసినా పిల్ల లోపలికి పోదు. పైన మళ్లీ ఆ బండే. దాన్ని అన్న కొడుకూ క్యాబ్ డ్రైవరూ కలిసి పెట్టారు. సాయం రాబోతే అన్న నన్ను పక్కకు ఉండమన్నాడు.

ఇక నేను కృతజ్ఞతలు చెప్పుకోవాల్సినవాళ్లు ఉన్నారు. పేర్లు పెట్టి చెప్పాలి, కానీ పెట్టనని ముందే అన్నాను. ఎవరికి వాళ్లకు తెలుస్తుంది.

పై గది నర్సు అమ్మాయికి. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చింది. మా ఇంటి ఆడవాళ్లకు, నాకు, ఊపిరి ఊదడం, రొమ్ము నొక్కడం మా దిండు మీద చూపించి నేర్పింది. నేను పుస్తకంలో చదివింది కూడా ఆమెకు ఒకసారి అప్పజెప్పి, తప్పులు దిద్దించుకున్నాను. ఇప్పుడు అన్నీ అలా ఎవరికో ఒకరికి చూపించి అడుగుతున్నాను.

ఆమె పక్క గది డ్రైవరుకు. బండి సీటు తడిసి పాడైందని ఒక్కమాట అనలేదు.

జాలి బిగించిన శంషాబాద్ వెల్డరుకు. ఏ మూల ఏ దిక్కు అని అడగలేదు. పిల్ల తల పట్టనంత దగ్గరగా చువ్వలు పెట్టాలా అని అడిగాడు. పని తెలిసిన మనిషి అడిగే ప్రశ్న అది.

గ్రంథాలయం చూసుకునే మేడమ్‌కు. జరిగింది చెప్పి, ఇక పుస్తకాలు ముట్టనని కార్డు తిరిగి ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు. ఆ పలచటి పుస్తకం తెచ్చి ముందు ఇది పూర్తి చెయ్యమంది. పిల్లలున్నవాళ్లకు కనపడేలా దాన్ని బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

బావకు. నన్ను తిట్టాల్సినంత తిట్టాడు, కానీ ఆ రోజే బండ పెట్టించాడు.

మా కోడలికి. దవాఖానలో మాటలు నేర్పే మేడమ్, పాపతో రోజూ నిదానంగా, బొమ్మలు చూపిస్తూ మాట్లాడాలని చెప్పింది. ఆ పని చిన్నమామ చేస్తాడని కోడలే అంది. జరిగింది అంతా తెలిసిన తర్వాతే అంది.

మా అన్నకు. మళ్లీ మాట్లాడుతున్నాడు. నా చదువు మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తడం లేదు.

మా వదినకు. ఆమె నాతో మాట్లాడదు. మూడు నెలలైంది. కానీ రోజూ మూడు గంటలకు, నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేదాకా ఆగి, పాపను తెచ్చి నా ఒళ్లో కూర్చోబెడుతుంది. నేను బొమ్మల పుస్తకం తెరుస్తాను. ఆవు, కోడి, చెట్టు అని ఒక్కొక్క మాటా చెబుతాను. పాప నా నోటి వైపు చూస్తుంది. తన పెదవులు కదుపుతుంది, మాట రాదు. మళ్లీ చెబుతాను. వదిన లోపలికి వెళ్లదు. మా ఇద్దరికీ అయిదడుగుల దూరంలో పీట వేసుకుని, చేతిలో ఏ పనీ పెట్టుకోకుండా, పాప మీదే చూపు నిలిపి, నేను పుస్తకం మూసేదాకా కూర్చుంటుంది.